ఆ సిక్స్ అట్టను కత్తిరించకండి

మా బాబాయి కొడుకు తీసిన ఫొటో ఒకటి నెల రోజులుగా నా బల్ల మీదే ఉంది. 12 బై 18 సైజు, మ్యాట్ కాగితం. ఉప్పల్ స్టేడియం, రాత్రి, వాన. పైన ఎడమ పక్క ఫ్లడ్‌లైట్ల గుంపు, దాని చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లటి కాంతి. మధ్యలో పచ్చటి మైదానం, దాని నడుమ పిచ్ మీద పరిచిన కవర్లు. అవతలి గ్యాలరీలో నారింజ రంగు చుక్కలు. కింద కుడి మూలన ఒక మనిషి వెనకతల, ఒక జబ్బ, ఆయన ఎత్తి పట్టుకున్న "6" అట్ట. ఆ అట్ట కింద ఒక చిన్నపిల్ల పిలక, దానికి ఎర్ర రబ్బరు బ్యాండు. పిల్ల అక్కడితో ఆగిపోయింది. కాగితం అయిపోయింది.

ఆదివారాలు మేం ఏడెనిమిది మందిమి ఒకచోట కూర్చుని ఫొటోలు ముందేసుకుని మాట్లాడుకుంటాం. క్లబ్బు అనేంత పెద్దదేం కాదు, టీ ఖర్చు వంతులవారీగా పెట్టుకుంటాం. మావాడిని ఒకసారి వెంట తీసుకెళ్ళాను. వాడు ఈ ప్రింటు బల్ల మీద పెట్టాడు. అరగంటలో దాన్ని కోడిని ఒలిచినట్టు ఒలిచారు. చివరికి అందరూ ఏకగ్రీవంగా చెప్పింది ఒకటే: ఆ కింది మూల కత్తిరించెయ్యి, ఫొటో బాగుపడుతుంది.

నాకు ఇది సరిగ్గా తలకిందులు తీర్పు అనిపించింది. ఆ రోజు గట్టిగా చెప్పలేకపోయాను. మావాడి పక్షం తీసుకుంటున్నానని అనుకుంటారన్న మొహమాటం ఒకటి, అప్పటికి నా దగ్గర వాదన సిద్ధంగా లేకపోవడం ఒకటి. ఇప్పుడుంది.

ముందు ఆ రాత్రి సంగతి. 2024 మే 16. సన్‌రైజర్స్‌కి గుజరాత్ టైటాన్స్‌తో మ్యాచ్. మావాడు నాచారంలో పనిచేస్తాడు, ఆఫీసు నుంచి అటే పోయాడు. సాయంత్రం పట్టుకున్న వాన మధ్యలో కాస్త తెరిపిచ్చినట్టే ఇచ్చి మళ్ళీ అందుకుంది. టాస్ కూడా పడలేదు. చెరో పాయింటు పంచి ఇళ్ళకు పొమ్మన్నారు. ఆ ఒక్క పాయింటుతో హైదరాబాద్‌కి 15 అయ్యాయి, ప్లేఆఫ్స్ ఖాయమైంది. అంటే తడిసి ముద్దయిన జనం ఒక్క బంతి కూడా చూడకుండా, గెలిచినంత పని చేసి ఇంటికి వెళ్ళారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇంకో సంగతి. ఐపీఎల్ మ్యాచ్‌కి పోయినవాళ్ళకు తెలుసు, గేటు దగ్గర గొడుగూ లోపలికి రానివ్వరు, కెమెరా కూడా రానివ్వరు. కాబట్టి వానలో స్టేడియం ఫొటో మామూలు మనిషి తీశాడంటే అది ఫోన్‌తో, తడుస్తూ తీసిందే. సీటు టిక్కెట్టు నిర్ణయిస్తుంది, లెన్సు ఫోన్ కంపెనీ నిర్ణయిస్తుంది. ఇక తీసేవాడి చేతిలో మిగిలింది ఫోన్ ఎంత ఎత్తాలి, ఎటు తిప్పాలి, ఎప్పుడు నొక్కాలి అన్న మూడే. కూర్పు గురించి వాణ్ణి నిలదీయాలంటే ఆ మూడింటి మీదే నిలదీయాలి.

మావాళ్ళు అక్కడ మొదలుపెట్టలేదు. మొదటి మాట "వంకర" అన్నారు.

అన్నది మా గుంపులో పెద్దాయన. గుంటూరు నుంచి వచ్చి కోఠిలో చాలాకాలం స్టూడియో నడిపినాయన, కొన్ని వేల పెళ్ళిళ్ళు ఫిల్ము మీద తీసినాయన. ఆయన కన్ను మీద నాకు గౌరవం ఉంది. "హొరైజన్ పడిపోయింది బాబూ, అవతలి స్టాండు చూడు, కుడివైపు జారిపోతోంది" అన్నారు. నిజమే, జారుతోంది. కానీ అది వంకర కాదు.

సముద్రం ఫొటోలో నీటి గీత వంకరపోతే నీళ్ళు ఒలికిపోతాయేమో అనిపిస్తుంది, అది తప్పే. స్టేడియంలో అలాంటి గీత ఎక్కడుంది? అదొక గిన్నె. గిన్నె ఎదురుగా సరిగ్గా నడిమికి చూస్తూ కూర్చుంటే అవతలి అంచు సమంగా కనబడుతుంది. కాస్త పక్కకి చూశారా, అంచులో ఒక భాగం మీకు దగ్గరవుతుంది, ఇంకోటి దూరమవుతుంది. కంటికంటే ఎత్తులో ఉన్న కప్పు అంచు దగ్గరైనచోట పైకి లేస్తుంది, దూరమైనచోట కిందికి దిగుతుంది. కంటికంటే కింద ఉన్న బౌండరీ తాడు దీనికి సరిగ్గా వ్యతిరేకం చేస్తుంది. మావాడి ఫొటోలో కప్పు కుడివైపుకి దిగుతుంటే తాడు కుడివైపుకి ఎక్కుతోంది. కప్పుని సరిచేస్తే తాడు మరింత వంకరపోతుంది. తాడుని సరిచేస్తే కప్పు పడిపోతుంది. ఇలాంటిచోట నమ్మదగింది నిలువు గీతే, ఫ్లడ్‌లైటు స్తంభం. అది కూడా ఫ్రేముకి నడిమధ్య ఉన్నదైతేనే. ఫోన్ పైకెత్తి వైడ్ లెన్సుతో తీస్తే అంచుల్లో ఉన్న స్తంభాలన్నీ లోపలికి వాలతాయి, గుడి గోపురంలాగా. అవతల నడిమికి దగ్గరగా ఒక స్తంభం పడింది. ఇంటికొచ్చాక స్కేలు పెట్టి చూశాను. నిటారుగా ఉంది. వాన జల్లు కొడుతుంటే ఒంటిచేత్తో ఫోన్ పట్టుకుని మావాడు దాన్ని సమంగానే పట్టుకున్నాడు. ఈ ఒక్క విషయంలో వాడికి క్షమాపణ బాకీ ఉన్నాం.

తర్వాత వచ్చింది మూడో వంతుల సూత్రం. అది రాకుండా ఏ ఆదివారమూ గడవదు. ఫోన్ తెర మీద తొమ్మిది గళ్ళు వేసుకుని, విషయాన్ని గీతలు కలిసేచోట పెట్టమంటారు. ఆ మాట పుట్టింది 1797లో, జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు పల్లె దృశ్యాల గురించి రాస్తూ వాడితే. నేలకెంత, ఆకాశానికెంత అనే కొలత గొడవ అది. దాన్ని తీసుకొచ్చి ఆకాశమే లేని స్టేడియానికి తొడగడం ఎందుకో నాకు అర్థం కాదు. తమాషా ఏమిటంటే మావాడి ఫొటోలో ఫ్లడ్‌లైటు సరిగ్గా ఆ పై ఎడమ కూడలిలోనే ఉంది. సూత్రం పాటించాడు. అయినా ఫొటో నిలబడలేదు. అంటే సూత్రానికీ నిలబడడానికీ సంబంధం లేదనేగా?

మూడో అభ్యంతరంలో పస ఉంది: మధ్య ఖాళీగా ఉంది. "కనీసం సూపర్ సాపర్ తిరుగుతున్నప్పుడన్నా తియ్యాల్సింది" అన్నాడు ఒక మిత్రుడు, మైదానంలో నీళ్ళు పీల్చే బండి సంగతి. ఖాళీ మాట ఒప్పుకుంటాను, మందు మాత్రం ఒప్పుకోను. ఎందుకో లెక్క చెబుతాను. ఫోన్ మామూలు లెన్సు చాలా వెడల్పు, పాత ఫిల్ము లెక్కలో 24 నుంచి 26 మిల్లీమీటర్లు. గ్యాలరీ నుంచి పిచ్ దాకా ఒక 80 మీటర్లనుకోండి. అంత దూరంలో నిలబడ్డ మనిషి ఈ 12 బై 18 ప్రింటులో పొడవు ఏడు మిల్లీమీటర్లు వస్తాడు. బియ్యపు గింజంత. నేను కొలిచాను కూడా, పిచ్ దగ్గర కవర్ల అంచు పట్టుకున్న గ్రౌండ్ సిబ్బంది నలుగురు నాలుగు బియ్యపు గింజలు. సూపర్ సాపర్ వచ్చినా శనగ గింజంత ఉండేది. ఆ లెన్సుతో, ఆ సీటు నుంచి, మైదానంలో ఏం జరిగినా ఫొటోకి విషయం కాలేదు. కళ్ళతో చూసినప్పుడు పెద్దగా కనబడుతుంది, ఎందుకంటే మన మనసు అక్కడే ఉంది కాబట్టి. లెన్సుకి మనసు లేదు, కొలతే ఉంది.

అసలు వాన పడుతున్నప్పుడు స్టేడియంలో మైదానానికి ఏం పని? ఆట ఆగిపోయింది. ఆటగాళ్ళు లోపల కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. బయట మిగిలింది టిక్కెట్టు కొన్నవాళ్ళు. మ్యాచ్ జరుగుతున్నప్పుడు ముప్ఫై వేలమంది ఒకే చోటికి చూస్తారు, కాబట్టి కెమెరా కూడా అటే చూడొచ్చు. వాన వస్తే ఆ చూపులన్నీ చెదిరిపోతాయి. ఒకడు ఆకాశం చూస్తాడు, ఒకడు ఫోన్‌లో రాడార్ బొమ్మ చూస్తాడు, ఒకడు సమోసా తడవకుండా చూసుకుంటాడు. కానీ ఫొటో తీసేవాడు మాత్రం అలవాటుకొద్దీ పిచ్ వైపే తిప్పుతాడు. ఔత్సాహికుల వాన-స్టేడియం ఫొటోలన్నిటికీ ఉన్న జబ్బు ఇదే. మావాడి ఫొటోకి కూడా ముక్కాలు వంతు పట్టింది.

దీనికి ఒక పరీక్ష ఉంది. 2025 మే 5న అదే ఉప్పల్‌లో ఢిల్లీతో మ్యాచ్. ఢిల్లీ 7 వికెట్లకు 133 చేసింది, మనవాళ్ళు కొట్టగలిగే స్కోరే. ఇన్నింగ్స్ మధ్యలో వాన వచ్చింది, మనవాళ్ళు బ్యాటు పట్టకుండానే రద్దయింది. ఈసారి వచ్చిన ఒక్క పాయింటు ప్లేఆఫ్స్ ఆశని తుడిచేసింది. ముందు ఏడు అదే నెలలో అదే వాన ప్లేఆఫ్స్‌కి పంపింది, 2025లో అదే వాన ఇంటికి పంపింది. ఇప్పుడు రెండు రాత్రుల నుంచీ రెండు ఫొటోలు తీసుకోండి. కవర్లు, పచ్చిక, ఫ్లడ్‌లైట్లు, అవతలి గ్యాలరీ. పక్కపక్కన పెట్టండి. ఏది వరమో ఏది శాపమో చెప్పగలరా? చెప్పలేరు. మైదానానికి తెలియదు. తెలిసేది దగ్గరున్న ఒక భుజం వాలులో, ఒక అట్ట పట్టుకున్న తీరులో. అవేమో మావాళ్ళు కత్తిరించమన్న మూలలో ఉన్నాయి.

ఇక వాన. ఫొటో పేరు "ఉప్పల్‌లో వాన" అని పెట్టాడు మావాడు. ఫొటోలో వాన లేదు.

నిజంగానే లేదు. పచ్చిక మెరుస్తోంది, కవర్ల మీద నీళ్ళున్నాయి, అవి తడి. పడుతున్న చినుకు ఎక్కడా కనబడదు. "అన్నా, ఎంత వాననుకున్నవ్, చెప్పులు కొట్టుకపోయేటట్టు ఉండె" అని వాడు మొత్తుకున్నాడు. నమ్ముతాను. కానీ వాన పడడం వేరు, వాన కనబడడం వేరు. తగ్గిందో లేదో తెలుసుకోవాలంటే మనం ఇంట్లోంచి ఆకాశం వైపు చూడం. వీధిలైటు వైపు చూస్తాం. లైటు కింద, దాని వెనక చీకటి ఉన్నచోట మాత్రమే చినుకులు దారాల్లాగా కనిపిస్తాయి. ఇది చిన్నప్పటి నుంచీ అందరికీ తెలిసిన విద్య, కెమెరా చేతికి రాగానే మర్చిపోతాం. చినుక్కి వెనక నుంచి వెలుగు కావాలి, ఆ చినుకు అవతల నలుపు కావాలి. మావాడి ఫొటోలో ఫ్లడ్‌లైటు వెనక నుంచే ఉంది, బాగుంది. కానీ దాని చుట్టూ తెల్లటి పొగలాంటి కాంతి. తెలుపు మీద తెల్ల చినుకు. కిందేమో వెలిగిపోతున్న పచ్చిక. నలుపు ఎక్కడుందంటే, మళ్ళీ అదే మూల: ఆ మనిషి నల్ల చొక్కా వీపు.

దానికి తోడు నైట్ మోడ్. అది ఒక్క ఫొటో కాదు, వరసగా కొన్ని తీసి వాటిని కలిపి, ఒకదాన్లో ఉండి ఇంకోదాన్లో లేనిదాన్ని మచ్చ అనుకుని తుడిచేస్తుంది. వాన చినుకు పుట్టుకే అంత, ఒకదాన్లో ఉంటుంది, ఇంకోదాన్లో ఉండదు. ఫోన్ చాలా శ్రద్ధగా వానంతా తుడిచిపెట్టింది. పెద్ద చినుకు సెకనుకి తొమ్మిది మీటర్ల దాకా దిగుతుంది. షట్టర్ సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే పదిహేను సెంటీమీటర్ల గీత గీస్తుంది, మనకు కావాల్సిన వాన దారం అదే. వెయ్యో వంతు పెడితే సెంటీమీటరు కూడా కదలదు, దుమ్ము మచ్చలా మిగులుతుంది. నైట్ మోడ్ ఆపేసి, మామూలుగా, నల్లటి వీపుకి ఎదురుగా తీసి ఉంటే ఆ ఫోనే ఆ రాత్రి వానని పట్టి ఇచ్చేది. కూర్పు అంటే వస్తువుల్ని ఎక్కడ పెట్టాలన్నదే అనుకుంటాం. వాన విషయంలో దేని ముందు పెట్టాలన్నది అంతకంటే ముఖ్యం.

రఘుబీర్ సింగ్ 1967లో బిహార్‌లోని ముంగేర్‌లో తీసిన ఫొటో ఒకటి చాలామంది చూసే ఉంటారు. వానలో చిక్కుకుని ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డ స్త్రీలు, తడిసిన చీరలు. ఎంత వాన కురిసిందో అక్కడ మనకు చెప్పేది మబ్బు కాదు, ఒంటికి అతుక్కున్న చీరలు. ఇన్నేళ్ళుగా ఆ ఫొటో చూస్తున్నా, చూసిన ప్రతిసారీ నా భుజాలు కాస్త దగ్గరకు ముడుచుకుంటాయి. ఆ స్థాయితో మావాణ్ణి పోల్చడం నా ఉద్దేశం కాదు, పోల్చితే వాడే నవ్వుతాడు. వాన ఫొటో తీయాలంటే తడుస్తున్నవాళ్ళ దగ్గర నిలబడాలి అనడానికి అంతకంటే మంచి సాక్ష్యం నాకు తోచలేదు, అంతే.

నా మీద నేనే ఒక సాక్ష్యం ఇచ్చుకుంటాను. 2017 అక్టోబర్ 13. ఇదే ఉప్పల్‌లో ఆస్ట్రేలియాతో మూడో టీ20. సిరీస్ ఒకటి-ఒకటి. అంతకుముందు రోజుల్లో కురిసిన వానకి మైదానం నానిపోయి ఉంది. మ్యాచ్ వేళకి వాన లేదు. అయినా ఔట్‌ఫీల్డ్ ఆరలేదని ఒక్క బంతి వేయకుండా రద్దు చేశారు. నేను వెళ్ళాను. ఫొటో తీశాను. గళ్ళు పెట్టుకుని, అంచులు శుభ్రంగా, ముందు ఒక్క తలకాయ పడకుండా, సీటు మీద ఎక్కి మరీ తీశాను. వెనకాయన తిట్టాడు కూడా. ఆ ఫొటో మా ఆదివారం గుంపులో మెప్పు పొందింది, "క్లీన్ ఫ్రేమ్" అన్నారు. మొన్న తీసి చూశాను. మ్యాచ్ మొదలవడానికి ముందు తీసిన ఫొటోలా ఉంది. ఆరని నేల కోసం గంటల తరబడి కూర్చున్న జనం కోపం, ఆకాశం నిర్మలంగా ఉండి కూడా ఆట లేకపోవడంలోని వింత, ఏదీ లేదు. అందులో నేను కూడా లేను. స్టేడియం వాళ్ళ కేలెండర్‌కి పనికొస్తుంది.

తర్వాత ఒకసారి ఇదంతా విని పెద్దాయన ఒక ప్రశ్న వేశారు. అది న్యాయమైన ప్రశ్న. "అయితే అడ్డమొచ్చిన ప్రతి తలకాయా కళే అంటావా?" కాదు. మావాడే అదే రాత్రి తీసిన ఇంకో పది ఫొటోల్లో తలకాయలున్నాయి, అవి తలకాయలే, అడ్డమే. వాటిలో ఒకదాన్లో నారింజ జెండా సగం లెన్సు మీద పడి, ఫొటో మొత్తం బొప్పాయి ముక్కలా ఉంది. తేడా ఏమిటంటే, ఈ మూలలో ఉన్నాయన ఏదో చేస్తున్నాడు. ఫోర్ కొడితే, సిక్స్ కొడితే ఊపమని తెచ్చుకున్న అట్ట. దాన్ని ఆయన గొడుగు చేశాడు. అదీ తన తల మీద కాదు, పిల్ల తల మీద. ఆయన జుట్టు తడిసి మెడకి అంటుకుపోయింది, పిల్ల పిలక మాత్రం పొడిగా నిక్కబొడుచుకుని ఉంది. గొడుగు రానివ్వని చోట మనిషి చేసుకున్న ఏర్పాటు అది. ఒక్క బంతి పడని రాత్రి ఉప్పల్‌లో ఎత్తిన సిక్స్ అది. ఇంత కథ అంచు మీద నడుస్తుంటే, నడుమనున్న ఖాళీ పచ్చిక కోసం దాన్ని తెగ్గొట్టమంటే నేనెలా ఒప్పుకుంటాను?

కాబట్టి నా విమర్శ మావాళ్ళ విమర్శకంటే మెత్తనిదేం కాదు. ఇంకా కఠినమైంది. మూలలో ఏదో అనవసరంగా చొరబడిందని వాళ్ళంటున్నారు. మూలలో ఉన్నదే ఫొటో, మిగతా అంతా చొరబడిందని నేనంటున్నాను.

ఇది చూపించడానికి పాత పద్ధతి ఒకటుంది, డార్క్‌రూమ్ రోజుల్లో చాలామంది చేసిందే. రెండు అట్టముక్కల్ని మూలమట్టం ఆకారంలో, అంటే ఇంగ్లిష్ ఎల్ అక్షరంలా కత్తిరించి, ఎదురెదురుగా ప్రింటు మీద జరుపుతూ చూడడం. ఎక్కడ కత్తిరిస్తే ఏం మిగులుతుందో కాగితం పాడవకుండా తెలుస్తుంది. ఒక శుభలేఖ అట్ట దొరికింది, మంచి దళసరి, దాన్ని కోశాను. పెళ్ళివాళ్ళు ఏమీ అనుకోరని నమ్మకం. మా మిత్రుల్లో ఒకాయనకి క్రాప్ అంటేనే పడదు, "తీసినప్పుడే చూసుకోవాలి, తర్వాత కోయడం దొంగతనం" అంటాడు, ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాఁ పేరు చెబుతాడు. 1932లో పారిస్‌లో స్టేషను వెనక నీటిగుంట మీద గెంతుతున్న మనిషిని బ్రెసాఁ తీసిన ఫొటో, ఆయన ఫొటోల్లోకెల్లా ప్రసిద్ధమైంది, కోసిందే. కంచె సందులోంచి తీస్తే పక్కన చెక్క అడ్డొచ్చింది, కోసేశాడు. కాబట్టి దొంగతనం మాట పక్కన పెడదాం.

అట్టలు జరుపుతూ పోయాను. ఎడమవైపు నుంచి లోపలికి వస్తే కవర్లు సగం పోయాయి, ఫొటోకి ఏ నష్టమూ లేదు. పైనుంచి దిగితే ఫ్లడ్‌లైట్ల గుంపు పోయింది. కాస్త బాధేసింది కానీ, దాని వెలుగు ఆయన తడి జుట్టు మీద ఉండనే ఉంది. చివరికి నిలువు ముక్క ఒకటి మిగిలింది, కింద అట్ట, జబ్బ, పిలక, పైన మసక పచ్చిక, ఆ పైన అవతలి గ్యాలరీ నారింజ చుక్కలు. ప్రింటులో నాలుగో వంతు కూడా లేదు. కానీ చూస్తే చూపు ఆగింది.

ఆగింది గానీ తృప్తి కలగలేదు. కింద తెగిపోయింది కదా. పిలక కింద పిల్ల లేదు. ఇక్కడే మావాడి మీద నాకు అసలు కోపం. ఒక బెత్తెడు ఫోన్ కిందికి దించితే పిల్ల వచ్చేది. ఆ బెత్తెడు వాడు పైన ఫ్లడ్‌లైట్లకి ఖర్చుపెట్టాడు. ఫోన్ చేసి అదే అడిగాను.

"ఫ్లడ్‌లైట్లు రాకుంటే స్టేడియం అని ఎట్ల తెలుస్తదన్నా?" అన్నాడు.

దీనికి నా దగ్గర వెంటనే సమాధానం లేదు. ఎందుకంటే అది ఔత్సాహికుడి నిజాయితీ. వాడు ఫొటో తీసింది కూర్పు కోసం కాదు, నేనక్కడ ఉన్నానని చెప్పడానికి. ఆ ఆత్రంలో వచ్చినన్ని వస్తువులు ఫ్రేములో కూరుతాం, పెళ్ళిసామాను వ్యాన్‌లో కూరినట్టు. కాసేపాగి అన్నాను: ఆ అట్ట మీద 6 అంకె ఉంది, అవతల నారింజ రంగు ఉంది, స్టేడియం కాక శ్రీరామనవమి పందిరి అనుకుంటారట్రా? నవ్వాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "ఆ అట్ట నాదే అన్నా. నేనే ఇచ్చిన ఆయనకు. పాప తడుస్తుండె."

అంటే చూశాడు. చూసి, తన అట్ట ఇచ్చి, ఆ తర్వాత ఫోన్ తీసి వాళ్ళ తలల మీదుగా లైట్లని తీశాడు. కనబడక వదిలేసింది కాదు. అది ఫొటో తీయాల్సిన సంగతి అని తోచలేదు, అంతే. మనలో చాలామందికి తోచదు. నాకు 2017లో తోచలేదు.

ఆ మాటల మీదే ఇంకో అనుమానం వచ్చింది. "ఒకసారి ఫోన్‌లో ఉన్నది పంపు" అన్నాను. పంపాడు. తెరిచి చూస్తే కింద ఇంకా ఉంది.

ఇది ముందే తట్టాల్సింది. ఫోన్ ఫొటో కొలత నాలుక్కి మూడు. 12 బై 18 కాగితం మూడుకి రెండు. 18 అంగుళాల వెడల్పు నిండాలంటే ఎత్తు పదమూడున్నర అంగుళాలు కావాలి. కాగితం పన్నెండే. అంగుళంన్నర ఎక్కడో ఒకచోట పోవాలి. ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు ఎవరో, లైట్లు పోకూడదని పైన ముట్టుకోకుండా మొత్తం కిందే కొట్టేశాడు. తప్పు పట్టను, నూటికి తొంభైమంది అదే చేస్తారు. 12 బై 16 వేయమని ఉంటే ఏమీ పోయేది కాదు. మేం ఎనిమిదిమందిమి అరగంట సేపు మావాడి కూర్పుని తిట్టింది, సగం ఆ కుర్రాడి కూర్పుని.

పోయిన అంగుళంన్నరలో ఏముందో చెబుతాను. పిలక కింద పిల్ల నుదురు, చెంప ఒక పక్క. ముఖం అటు తిరిగి ఉంది. అట్ట ముందంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పిల్ల కుడిచెయ్యి చాచి ఆ ధార కింద పెట్టింది. అరచేతిలో నీళ్ళు నిండి ఫ్లడ్‌లైటుకి వెండి బిళ్ళలా మెరుస్తున్నాయి. నైట్ మోడ్ తుడిచేయలేని వాన అదొక్కటే, ఎందుకంటే అది కదలకుండా ఆగిన వాన. తండ్రి తడవకుండా కాపాడుతుంటే పిల్ల తడవడానికి చెయ్యి చాచింది. ఇంటిల్లిపాదికీ చూపించాను. మా అమ్మ అద్దాలు పెట్టుకుని చూసి, "పిల్లకి జలుబు చేసుంటది" అంది.

ఆ తర్వాతి ఆదివారం ఆ ఫైలు తీసుకెళ్ళాను. పెద్దాయన ఫోన్ తెర రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశారు. "ఇది ముందే చూపిస్తే ఆ మాట అనేవాణ్ణి కాదు" అన్నారు. కానీ సూత్రం మాత్రం వదల్లేదు. "ఆ చెయ్యి చూడు, కింది కుడి కూడలికి దగ్గర్లోనే ఉంది, అందుకే పండింది" అన్నారు. నేను కొలవలేదు. కొన్నిటికి ఓడిపోవడమే సుఖం.

ఈసారి 12 బై 16లో పూర్తిగా వేయించాం. నా నిలువు ముక్క మావాడికి నచ్చలేదు, "గంతేనా?" అన్నాడు. పూర్తిదే వాళ్ళ హాల్లో పెట్టుకుంటానన్నాడు. ఫ్రేము కట్టించడానికి తార్నాకలో ఒక కొట్టుకి ఇద్దరం పోయాం. ఆయన ప్రింటుని బల్ల మీద పరిచి, చెక్క పట్టీ పెట్టి చూసి, పట్టీ లోపలికి వెళ్ళడానికి ఒకవైపు అర అంగుళం పోతుంది, ఎటు కొట్టమంటారు అని అడిగాడు. నేను పైన అన్నాను. మావాడు కింద అన్నాడు. కొట్టాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. డబ్బులిచ్చింది మావాడు.